దూరం నుంచి వచ్చినవాడు: ఆర్మాడా ఆట గురించి

(మా గేమింగ్ క్లబ్ సమావేశంలో ఇచ్చిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి వచ్చెయ్యండి. కింద కూర్చున్నా స్క్రీన్ బాగానే కనిపిస్తుంది.

ఇందాక బయట టీ తాగుతుంటే ఒక తమ్ముడు నన్ను అడిగాడు. "అన్నా, మా ఊళ్ళో టెక్కెన్ ఫైటింగ్ గేమ్ గట్టిగా ఆడేవాళ్ళం ఆరుగురం ఉన్నాం. ఎవడు ఎప్పుడు ఏం నొక్కుతాడో మా ఆరుగురికీ తెలుసు. ఇలా మాలో మేమే ఆడుకుంటూ ఉంటే ఎక్కడికి వెళ్తాం?" అని. నేను ఇవాళ వేరేగా మొదలుపెడదామని కాగితం మీద రాసుకొచ్చాను. ఆ కాగితం జేబులో పెట్టేశాను. ఎందుకంటే నేను చెప్పబోయే మనిషి కూడా సరిగ్గా ఆ తమ్ముడు ఉన్న చోటి నుంచే మొదలయ్యాడు.

అతని పేరు ఆడమ్ లిండ్‌గ్రెన్. స్వీడన్ దేశం. పుట్టింది 1993లో. ఆటలో పేరు ఆర్మాడా. ఆడిన ఆట సూపర్ స్మాష్ బ్రదర్స్ మేలే. ఈ ఆట పేరు విన్నవాళ్ళు చేతులెత్తండి. నలుగురు... అయిదుగురు. సరే. అయితే ముందు ఆట సంగతి కాస్త చెప్పాలి. తెలిసినవాళ్ళు రెండు నిమిషాలు ఓపిక పట్టండి.

మేలే 2001 చివర్లో జపాన్‌లో, అమెరికాలో వచ్చింది. నింటెండో కంపెనీ వాళ్ళ గేమ్‌క్యూబ్ అనే గేమ్ డబ్బా మీద నడిచే ఆట. మారియో, పికాచు, జెల్డా లాంటి వేరే వేరే ఆటల పాత్రలందరినీ ఒకే అరుగు మీదకి తెచ్చి కొట్టించే ఆట. టెక్కెన్‌లో, స్ట్రీట్ ఫైటర్‌లో పైన ప్రాణం గీత ఉంటుంది కదా, దెబ్బ తగిలినకొద్దీ తగ్గిపోతుంది. ఇందులో అది లేదు. దెబ్బ తగిలినకొద్దీ శాతం పెరుగుతుంది. శాతం ఎంత పెరిగితే తర్వాతి దెబ్బకి అంత దూరం ఎగిరిపోతావు. ఎగిరి తెర దాటి బయటికి పోయావా, ఒక ప్రాణం పోయింది. ఒక్కొక్కరికి నాలుగు ప్రాణాలు. వాటిని స్టాక్ అంటారు. అరుగు మీద కొట్టడం ఒక ఎత్తు. ఎగిరిపోయినవాడు తిరిగి అరుగు ఎక్కకుండా అంచు దగ్గర కాపు కాయడం ఇంకో ఎత్తు. అసలు యుద్ధం అంతా అక్కడే.

పిల్లలు పుట్టినరోజు నాడు నలుగురు కూర్చుని ఆడుకోవడానికి చేసిన ఆట ఇది. కానీ లోపల చాలా వేగం ఉంది. సెకనుకి 60 ఫ్రేములు, అంటే సెకనులో తెర మీద 60 బొమ్మలు మారతాయి. మంచి ఆటగాడు ఆ ఫ్రేముల్ని లెక్కపెట్టినట్టే ఆడతాడు. ఒక్క ఫ్రేము ముందు నొక్కితే ఒకటి జరుగుతుంది, ఒక్క ఫ్రేము ఆలస్యమైతే ఇంకోటి. అందుకే ఈ ఆట వాళ్ళు ఇప్పటికీ పాత ట్యూబ్ టీవీలు మోసుకుంటూ తిరుగుతారు. నేను న్యూజెర్సీలో ఎంఎస్ చదివే రోజుల్లో మా రూమ్మేట్‌తో కలిసి అలాంటి టీవీని మూడంతస్తులు దించాను. ఎందుకురా ఈ పాత డబ్బా అంటే, కొత్త టీవీలో బటన్ నొక్కినదానికీ తెర మీద కనబడేదానికీ మధ్య కాస్త ఆలస్యం ఉంటుంది, ఆ కాస్తలోనే మనం చచ్చిపోతాం అన్నాడు. నాకు అప్పుడు అర్థం కాలేదు. ఆడి చూశాక అర్థమైంది.

ఇప్పుడు ముఖ్యమైన మాట. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. మేలేలో ఆన్‌లైన్ లేదు. 2001 ఆట కదా. బాగా పనిచేసే ఆన్‌లైన్ పద్ధతి, స్లిప్పీ అని, అభిమానులే తయారుచేసుకున్నది, అది 2020లో వచ్చింది. అప్పటిదాకా గట్టివాడితో ఆడాలంటే ఆ గట్టివాడు నీ పక్కన, నీ సోఫా మీద కూర్చోవాలి. వేరే సరైన దారి లేదు. ఆర్మాడా ఒంటరి పోటీల నుంచి, అంటే జోడీ లేకుండా ఒక్కడే ఆడే పోటీల నుంచి, తప్పుకున్నది 2018లో. అంటే అతని ఒంటరి పోటీల జీవితం మొత్తం ఆ మంచి ఆన్‌లైన్ రాకముందే అయిపోయింది.

మరి గట్టివాళ్ళు ఎక్కడున్నారు? అమెరికాలో. న్యూయార్క్, న్యూజెర్సీ, ఫ్లోరిడా, కాలిఫోర్నియా. అక్కడ వారం వారం ఏదో ఒక చోట పోటీ. కారెక్కి రెండు గంటలు వెళ్తే ఇంకో ఊరివాళ్ళు దొరుకుతారు. స్వీడన్ కుర్రాడికి ఎవరున్నారు? ఇంట్లో సొంత సోదరుడు. ఆండ్రాయిడ్ అనే పేరుతో అతనూ ఆడేవాడు, బాగా ఆడేవాడు. బయట కొద్దిమంది స్నేహితులు. అప్పుడప్పుడు యూరప్‌లో ఒక పోటీ. అంతే. తమ్ముడూ, నీకు ఆరుగురు ఉన్నారు!

ఇంకో చిక్కు కూడా ఉంది, దీని గురించి చాలామంది మాట్లాడరు. యూరప్‌లో టీవీ ప్రసారం పాల్ పద్ధతి. మన దూరదర్శన్ కూడా పాల్ పద్ధతే, మన ఇళ్ళల్లో ఉన్న ట్యూబ్ టీవీలన్నీ అవే. అమెరికాలో, జపాన్‌లో వేరే పద్ధతి, ఎన్‌టీఎస్‌సీ. అందుకని యూరప్‌కి 2002లో వేరే కూర్పు విడుదల చేశారు. ఊరికే టీవీకి సరిపడేలా మార్చి వదిలెయ్యలేదు. ఆటలో పాత్రల బలాబలాలు కూడా కాస్త సవరించారు. ఫాక్స్, షీక్, మార్త్ లాంటి గట్టి పాత్రలకి కొంచెం కొంచెం కోత పెట్టారు. అమెరికా కూర్పులో షీక్ ఒకసారి పట్టుకుని నేలకేసి విసిరితే చాలా పాత్రలకి తప్పించుకోవడం కష్టం. యూరప్ కూర్పులో తప్పించుకోవచ్చు. చూడడానికి అదే ఆట. అదే అరుగు, అవే బొమ్మలు. కానీ చెయ్యి అలవాటు పడిన లెక్క వేరు.

అంటే ఏమైంది? ఈ కుర్రాడు ఇంట్లో ఒక ఆట సాధన చేసి, సముద్రం దాటి వెళ్ళి దాదాపు అదే అయిన ఇంకో ఆట ఆడాలి. ఎక్కడ తేడా ఉందో తల్లో పెట్టుకుని, వేళ్ళకి నచ్చజెప్పుకుని ఆడాలి. మనం కొత్త కంట్రోలర్ ఇస్తేనే ఓడిపోయామని సాకు చెబుతాం. చెబుతామా, చెప్పమా?

సరే, అతని పాత్ర గురించి. ఆర్మాడా ఎంచుకున్నది పీచ్. గులాబీ గౌను వేసుకున్న రాకుమారి. మేలేలో గట్టిగా ఆడేవాళ్ళు సాధారణంగా ఫాక్స్ పట్టుకుంటారు, ఫాల్కో పట్టుకుంటారు, మార్త్ పట్టుకుంటారు. వాళ్ళు వేగంగా ఉంటారు. పీచ్ నెమ్మది. పరిగెత్తి ఎవర్నీ పట్టుకోలేదు. ఆమెకి ఉన్నవి రెండు. ఒకటి, బటన్ నొక్కి పట్టుకుంటే గాలిలో తేలుతుంది. నేలకి జానెడు ఎత్తులో కూడా తేలగలదు. అలా తేలుతూ కొట్టి, దిగిన వెంటనే మళ్ళీ కొట్టగలదు. రెండు, నేలలోంచి దుంప పీకుతుంది. టర్నిప్ అంటారు, మన ముల్లంగి లాంటిది. పీకి విసురుతుంది.

నవ్వుతున్నారు గానీ, ఆ దుంప చేతిలో ఉన్నంతసేపు ఎదుటివాడి ఆట మారిపోతుంది. వచ్చి పడదామంటే దుంప మొహాన పడుతుంది. రాకుండా ఉంటే ఆమె ఇంకో దుంప పీకుతుంది. పీచ్‌తో గెలవాలంటే నువ్వు వెంటపడకూడదు. ఎదుటివాడిని నీ దగ్గరికి రప్పించుకోవాలి. వచ్చినప్పుడు వాడు చేసిన చిన్న తప్పుని పట్టుకుని, అక్కడి నుంచి వీలైనంత లాగాలి. ఆర్మాడా గొప్పతనం అదే. అతను చేసే తప్పులు చాలా తక్కువ. ఎదుటివాడు చేసిన తప్పు ఒక్కటి కూడా ఊరికే పోనివ్వడు. ఫాక్స్ ఆడేవాళ్ళ ఆట చూస్తే బాణసంచా కాల్చినట్టుంటుంది. ఆర్మాడా ఆట చూస్తే బావిలోంచి నీళ్ళు తోడినట్టుంటుంది. ఒకే తీరు, ఒకే లాగుడు, చేద ఒలకదు. నాకు ఆ ఆట అంటే ప్రాణం.

ఇప్పుడు 2009 జులై. కాలిఫోర్నియాలో ఆంటియాక్ అనే ఊరు. జెనెసిస్ అనే పోటీ. అప్పటికి అమెరికాలో చాలామందికి యూరప్ ఆటగాళ్ళంటే పెద్ద లెక్క లేదు. ఈ కుర్రాడికి 16 ఏళ్ళు. ఇంటర్ చదివే వయసు. విమానం ఎక్కి వచ్చాడు. వచ్చి ఒక్కొక్కరినీ దాటుకుంటూ ఫైనల్ దాకా వెళ్ళాడు.

ఫైనల్లో ఎవరున్నారు? జోసెఫ్ మార్కెజ్. ఆటలో పేరు మ్యాంగో. కాలిఫోర్నియావాడే, అంటే సొంత గడ్డ మీద ఆడుతున్నాడు. అప్పట్లో జిగ్లీపఫ్ ఆడేవాడు, ఆ గుండ్రటి గులాబీ బంతి. అప్పటికి ప్రపంచంలో అతన్ని మించినవాడు లేడని అందరూ అనుకునే రోజులు. హాలు మొత్తం మ్యాంగో వైపు. వెనక అరుపులు, కేకలు. ఆ వీడియో చూస్తే పదహారేళ్ళ పిల్లాడు నిటారుగా కూర్చుని తెర వైపే చూస్తుంటాడు.

ఓడిపోయాడు. ఆర్మాడా ఆ ఫైనల్ ఓడిపోయాడు. గట్టిగా పోరాడి ఓడిపోయాడు. హాలు పిచ్చెత్తిపోయింది. మ్యాంగో వీరుడయ్యాడు. ఆ రోజు చూసినవాళ్ళకి మ్యాంగో గెలిచాడన్నది గుర్తుంది. కానీ ఇంకో సంగతి కూడా జరిగింది. స్వీడన్ అనే చోట ఒకడున్నాడని అందరికీ తెలిసింది. ఆ తర్వాత యూరప్‌ని తేలిగ్గా తీసిపారేసినవాళ్ళు లేరు.

ఆ ఓటమి పట్టుకుని స్వీడన్ వెళ్ళిపోయాడు. అక్కడ మళ్ళీ అదే సోదరుడు, అదే కొద్దిమంది. మ్యాంగో లాంటివాళ్ళతో మళ్ళీ ఆడాలంటే మళ్ళీ టికెట్ డబ్బులు కావాలి, మళ్ళీ సెలవులు దొరకాలి. మధ్యలో ఏం చేస్తాడు? వీడియోలు చూస్తాడు. తను ఓడిన ఆటలు చూస్తాడు. ఆండ్రాయిడ్‌ని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆడతాడు. నా మనసుకి తోచింది చెబుతున్నాను, అందరూ ఒప్పుకోకపోవచ్చు. అమెరికావాళ్ళకి వారానికో పోటీ ఉంది కాబట్టి ఓడినా పైవారం చూసుకుందాం అనే ధీమా ఉంటుంది. ఇతనికి ఆ ధీమా లేదు. ఏడాదికి రెండో మూడో అవకాశాలు. ఒక ఓటమిని నెలల తరబడి నమలాలి. ఆర్మాడా ఆటలో కనబడే ఆ జాగ్రత్త, ఆ పొదుపు, అక్కడి నుంచి వచ్చాయని నేను నమ్ముతాను.

2011 జులై. జెనెసిస్ 2. మళ్ళీ ఆంటియాక్. మళ్ళీ ఫైనల్. మళ్ళీ మ్యాంగో. ఈసారి ఆర్మాడా గెలిచాడు.

2012 జనవరిలో న్యూజెర్సీలో అపెక్స్ అనే పోటీ గెలిచాడు. 2013 జనవరిలో మళ్ళీ అపెక్స్ గెలిచాడు. ఆ రోజుల్లోనే మేలేవాళ్ళు ఐదుగురికి దేవుళ్ళు అని పేరు పెట్టారు. మ్యాంగో, హంగ్రీబాక్స్, మ్యూ టు కింగ్, పీపీఎండీ, ఆర్మాడా. కొన్నేళ్ళపాటు పెద్ద పోటీ ఏదైనా సరే, ఈ ఐదుగురిలో ఒకడు ఎత్తుకుపోవాల్సిందే. ఐదుగురిలో నలుగురు అమెరికావాళ్ళు. ఒక్కడు స్వీడన్.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన భాగానికి వచ్చాను. హంగ్రీబాక్స్ సంగతి.

హంగ్రీబాక్స్, అసలు పేరు హువాన్ డిబీడ్మా, ఫ్లోరిడా. అతనిదీ జిగ్లీపఫ్. జిగ్లీపఫ్ గాలిలో చాలా చురుగ్గా కదులుతుంది. పీచ్ గాలిలో తేలుతుంది గానీ చురుగ్గా కదలలేదు. దుంప విసిరితే ఆ బంతి పక్కకి తప్పుకుంటుంది. పైగా జిగ్లీపఫ్‌కి ఒక నిద్ర దెబ్బ ఉంది. ఎదుటివాడిని ఆనుకుని నిద్రపోతే చాలు, వాడు తెర దాటి ఎగిరిపోతాడు. పీచ్‌కి జిగ్లీపఫ్‌తో పోటీ అంటే ఎదురుగాలిలో సైకిల్ తొక్కడమే. ఎంత బాగా ఆడినా తొక్కుతూనే ఉండాలి.

మనమైతే ఏం చేస్తాం? ఇంకా గట్టిగా పీచ్ సాధన చేద్దాం అంటాం. నా పాత్ర నాది, దాంతోనే గెలుస్తాను అంటాం. లేకపోతే అందరూ పట్టుకునే ఫాక్స్ పట్టుకుంటాం. ఆర్మాడా ఏం చేశాడో తెలుసా? యంగ్ లింక్‌ని తీసుకొచ్చాడు. ఎవరీ యంగ్ లింక్? పెద్ద పోటీల్లో ఎవరూ పట్టుకోని పాత్ర. బాణం ఉంది, బాంబు ఉంది, తిరిగొచ్చే బూమరాంగ్ ఉంది. దెబ్బలో బరువు లేదు. బలమైన పాత్రల పట్టీలో ఎక్కడో కింద ఉంటాడు.

కానీ ఆలోచించండి. జిగ్లీపఫ్ బలం ఏమిటి? గాలిలో ముందుకీ వెనక్కీ ఊగుతూ సరైన సమయం కోసం చూడడం. మరి గాలి నిండా బాణాలు, బాంబులు, బూమరాంగ్ తిరుగుతుంటే ఎక్కడ ఊగుతుంది? కాలు పెట్టే చోటే ఉండదు. ఎవరూ లెక్కలోకి తీసుకోని పాత్రని ఒకే ఒక్క పనికోసం, ఒకే ఒక్క మనిషి మీద ఆడడానికి, ఇంట్లో కూర్చుని తయారుచేసుకుని వచ్చాడు. దానితో పెద్ద పెద్ద వేదికల మీద హంగ్రీబాక్స్‌ని ఓడించాడు. మొదటిసారి చూసినవాళ్ళకి ఏం జరుగుతోందో అర్థం కాలేదు.

తర్వాత హంగ్రీబాక్స్ దానికీ విరుగుడు నేర్చుకున్నాడు. నేర్చుకోడా మరి? అతనూ దేవుళ్ళలో ఒకడే. అప్పుడు ఆర్మాడా చివరికి ఫాక్స్ పట్టాడు. 2014, 2015 వచ్చేసరికి అతని ఫాక్స్ కూడా ప్రపంచంలోని మంచి ఫాక్స్‌లలో ఒకటి. చూడండి, ఆ ఒక్క ఎదుటివాడి కోసం ఇంకో రెండు పాత్రలు నేర్చుకున్నాడు. పీచ్‌ని మాత్రం వదల్లేదు.

మధ్యలో 2013 గురించి ఒక మాట చెప్పకపోతే ఈ ఆట వాళ్ళ స్వభావం అర్థం కాదు. ఈవో అని లాస్ వెగాస్‌లో ఏటా జరుగుతుంది, ఫైటింగ్ ఆటలన్నిటికీ అది కుంభమేళా లాంటిది. ఆ ఏడాది చివరి ఆటగా దేన్ని పెట్టాలో తేల్చడానికి విరాళాల పోటీ పెట్టారు. రొమ్ము క్యాన్సర్ పరిశోధనకి ఏ ఆట అభిమానులు ఎక్కువ ఇస్తే ఆ ఆటకి చోటు. మేలేవాళ్ళు 94,000 డాలర్లకు పైగా పోగుచేశారు. పన్నెండేళ్ళ పాత ఆట కోసం! అంతా అయ్యాక నింటెండో ఆ పోటీని ప్రసారం చెయ్యొద్దంది. అభిమానులు గగ్గోలు పెడితే ఆ రోజే వెనక్కి తగ్గింది. ఆ ఈవోలో మ్యాంగో గెలిచాడు. ఆర్మాడాకి నాలుగో స్థానం. దాని తర్వాత కొంతకాలం ఆట పక్కన పెట్టాడు. 2014లో తిరిగి వచ్చాడు.

తిరిగి వచ్చాక, ఇంక చెప్పేదేముంది. 2015 ఈవో గెలిచాడు, ఫైనల్లో హంగ్రీబాక్స్ మీద. 2016 జనవరిలో జెనెసిస్ 3 గెలిచాడు, ఫైనల్లో మళ్ళీ మ్యాంగో మీద. 2016 ఈవో ఫైనల్లో హంగ్రీబాక్స్ చేతిలో ఓడాడు. 2017 జనవరిలో జెనెసిస్ 4 గెలిచాడు. ఆ ఏడాది ఈవో కూడా గెలిచాడు, ఫైనల్లో మ్యాంగో మీదే. 2015లో, 2016లో ప్రపంచ ర్యాంకుల్లో మొదటి స్థానం. ఇదంతా మీరు ఎక్కడైనా చదువుకోవచ్చు, అందుకే గబగబా చెప్పేశాను.

కానీ ఒక లెక్క మాత్రం ఆగి చెప్పాలి. డబ్బు లెక్క. ఎందుకంటే ఇక్కడ కూర్చున్న అమ్మానాన్నలు కొందరు ఉన్నారు, వాళ్ళకి ఆ ప్రశ్న ఉంటుంది. ఉండాలి కూడా.

2015 ఈవో మేలేకి 1,869 మంది వచ్చారు. ఒక్కొక్కరూ 10 డాలర్లు ప్రైజ్ డబ్బుకి కట్టారు. అంటే మొత్తం 18,690 డాలర్లు. గెలిచినవాడికి అందులో సగానికి పైన. ఇది ప్రపంచంలోకెల్లా పెద్ద ఫైటింగ్ ఆటల పండుగలో గెలిచినవాడి సంగతి. అదే ఏడాది ఆగస్టులో డోటా 2 అనే ఇంకో ఆట ప్రపంచ పోటీలో ప్రైజ్ మొత్తం ఎంత? కోటీ 80 లక్షల డాలర్లకు పైగా. ఈ రెండిటి మధ్య ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. ఎందుకంటే డోటా తయారుచేసిన కంపెనీ ఆ పోటీని తనే మోస్తుంది. మేలేని నింటెండో మొయ్యలేదు. ఆటగాళ్ళే టీవీలు తెచ్చుకుంటారు, ఆటగాళ్ళే రుసుము కడతారు, ఆ రుసుమే ప్రైజ్. ఆర్మాడాకి అలయన్స్ అనే స్వీడన్ జట్టు అండగా వచ్చింది. డోటాలో 2013 ప్రపంచ పోటీ గెలిచిన జట్టు అది. అలాంటి అండ ఉంటేనే ఇన్నిసార్లు సముద్రం దాటడం కుదురుతుంది. లేకపోతే విమానం టికెట్‌కే గెలిచిన డబ్బు సరిపోతుంది.

ఇక విమానం అన్నాక వీసా. ఇక్కడ మన తెలుగువాళ్ళకి నేను పెద్దగా వివరించక్కర్లేదు. ప్రతి ఇంట్లో ఒకరు స్టాంపింగ్ కోసం పాస్‌పోర్ట్ పట్టుకుని తిరిగినవాళ్ళే.

స్వీడన్‌లోనే ఇంకో ఆటగాడు ఉన్నాడు. విలియమ్ యెల్టే. ఆటలో పేరు లెఫెన్. ఆర్మాడా కంటే చిన్నవాడు. ఫాక్స్ ఆడతాడు. ఆ ఐదుగురు దేవుళ్ళనీ ఓడించి, దేవుళ్ళ కోవలో లేనివాళ్ళలో ఆ పని చేసిన మొదటివాడిగా పేరు తెచ్చుకున్నాడు. దైవసంహారి అని బిరుదిచ్చారు. 2015లో వరసగా పెద్ద పోటీలు గెలుస్తూ మంచి ఊపు మీద ఉన్నాడు. ఆ ఏడాది చివర్లో అమెరికా వెళ్తే, సరిహద్దు దగ్గర ఆపి వెనక్కి పంపేశారు. కారణం? జట్టు నుంచి జీతం తీసుకుని ఆడుతున్నావు, ఇది పని కిందకి వస్తుంది, పనికి తగ్గ వీసా నీ దగ్గర లేదు అన్నారు. సరే, క్రీడాకారులకి ఇచ్చే పీ1 వీసాకి దరఖాస్తు చేశాడు. మేలేని క్రీడగా ఒప్పుకోవడానికే అభ్యంతరం వచ్చింది. ఇరవై రెండేళ్ళు కూడా లేవు, ప్రపంచంలో తను మొదటివాడా కాదా అని తేల్చుకోవాల్సిన నెలల్లో ఇంట్లో కూర్చుని కాగితాలు నింపుతున్నాడు. మనలో ఎంతమందికి తెలుసు ఆ టెన్షన్! రోజూ పొద్దున్నే లేచి స్టేటస్ చూసుకోవడం.

అభిమానులు వైట్‌హౌస్‌కి పిటిషన్ పెట్టారు. లక్ష సంతకాలు దాటాయి. 2016లో వీసా వచ్చింది. ఒక ఆటగాడికి జరిగిన ఈ చిన్న సంగతి వెనక, ఇది క్రీడా కాదా అనే ప్రశ్నకి ఒక ఆఫీసు జవాబు చెప్పాల్సి వచ్చింది. కాలేజీ రోజుల్లో నేను మా నాన్నకి చెప్పలేకపోయిన జవాబు అది.

ఇప్పుడు 2018 ఆగస్టు. లాస్ వెగాస్. ఈవో. నేను అప్పటికి ఇండియా వచ్చేశాను. ఆఫీసుకి సెలవు పెట్టి చూశాను. మేలే ఫైనల్. ఒక కుర్చీలో ఆర్మాడా. రెండో కుర్చీలో లెఫెన్.

ఆ దృశ్యం ఒకసారి ఊహించుకోండి. 2009లో యూరప్ నుంచి ఒక్క కుర్రాడు వస్తే వింతగా చూశారు. తొమ్మిదేళ్ళ తర్వాత అదే అమెరికా గడ్డ మీద, అన్నిటికన్నా పెద్ద వేదిక మీద, ఫైనల్ ఆడుతున్న ఇద్దరూ స్వీడన్‌వాళ్ళే. ఒక్క అమెరికా ఆటగాడు లేడు. ఆ ఈవోలోనే స్ట్రీట్ ఫైటర్ 5 ఫైనల్లో ఇంగ్లండ్ ఆటగాడు ప్రాబ్లమ్ ఎక్స్, జపాన్ దిగ్గజం టోకిడోని ఓడించాడు. యూరప్‌కి అలాంటి ఈవో ముందెప్పుడూ నేను చూడలేదు.

మేలే ఫైనల్ లెఫెన్ గెలిచాడు. ఆర్మాడా ఓడాడు. చెయ్యి కలిపాడు. నాకు బాధేసింది, అబద్ధం చెప్పను. అయినా ఎదురుగా కూర్చున్నవాడు ఎవరు? ఆర్మాడా వేసిన దారిలో నడిచి వచ్చినవాడే. స్వీడన్‌లో ఆర్మాడా లాంటివాడు లేకపోతే, అలాంటివాడితో ఆడి ఓడి ఓడి గట్టిపడకపోతే, లెఫెన్ అలా తయారయ్యేవాడా? నేను కాదంటాను. ఆ తర్వాత 2023లో లెఫెన్ గిల్టీ గేర్ స్ట్రైవ్ అనే వేరే ఆటలో కూడా ఈవో గెలిచాడు. అది ఇంకో రోజు చెప్పుకోవాల్సిన కథ.

ఆ ఫైనల్ అయిన మరుసటి నెలలో, 2018 సెప్టెంబరులో, ఆర్మాడా మేలే ఒంటరి పోటీల నుంచి తప్పుకుంటున్నానని ప్రకటించాడు. వయసు 25. ర్యాంకు పడిపోయి కాదు. ఈవో రెండో స్థానం చేతిలో ఉండగానే. ఆట మీద మునుపటి ఆనందం లేదన్నాడు. అభిమానులం చాలామంది నమ్మలేదు, మళ్ళీ వస్తాడులే, 2014లో రాలేదా అనుకున్నాం. కానీ ఒకటి మాత్రం వదలనన్నాడు. జోడీ పోటీలు ఆడతానన్నాడు. ఎవరితో? ఆండ్రాయిడ్‌తో. ఇంట్లో మొదటి రోజు పక్కన కూర్చుని ఆడిన ఆ సోదరుడితో.

తమ్ముడూ, టీ దగ్గర అడిగినవాడివి, ఎక్కడున్నావు? ఆ, అక్కడ. నువ్వు ముందు వరసలోకి రా. నీ ఆరుగురు కూడా వచ్చారా? వాళ్ళనీ రమ్మను. ఇప్పుడు 2011 జెనెసిస్ ఫైనల్ వేస్తాను, మ్యాంగోతో ఆడినది. మొదటిసారి చూసేవాళ్ళు ఎవరు కొడుతున్నారో చూస్తారు. మీరు ఆరుగురూ అది చూడొద్దు. ఆర్మాడా దుంప పీకి చేతిలో పట్టుకున్నాక ఎంతసేపు విసరకుండా ఉంటున్నాడో లెక్కపెట్టండి. అయిపోయాక నాకు చెప్పాలి.

ఆ కిటికీ తెర వెయ్యండి ఎవరైనా. లైట్లు తీసెయ్యండి.